అన్నయ్య ముద్దుపేరు

పొద్దున ఏడున్నరకి ఆస్పత్రి ల్యాబులో అడుగుపెట్టింది మొదలు ఆమె చేసేది రక్తపరీక్షలని ఉద్యోగం కాగితంలో ఉంటుంది గానీ, సగం రోజు తను తనేనని కంప్యూటరుకి నచ్చజెప్పుకోవడంతోనే సరిపోతుంది. పది నిమిషాలు ముట్టుకోకపోతే తెర నల్లబడుతుంది. గ్లవ్స్ తీసి, పాస్‌వర్డ్ కొట్టి, మళ్లీ కొత్త గ్లవ్స్ తొడుక్కునేసరికి ఇంకో నాలుగు ట్యూబులు వచ్చి కూర్చుంటాయి. నలభై ఐదు రోజులకోసారి పాస్‌వర్డ్ మార్చాలి. పాతది పనికిరాదు, పాతదానికి చుట్టమైనా పనికిరాదు. ఇంటికొస్తే కరెంటుకొకటి, బ్యాంకుకొకటి, కూతురి చదువుకొకటి. ఏ అత్తగారూ కోడల్ని ఇన్నిసార్లు నిలదీసి ఉండదు.

అన్నయ్య వచ్చింది కూడా ఈ గొడవలోంచే. ఆరేళ్ల కిందట ఆమె మెయిల్ పెట్టుకున్నప్పుడు, పాస్‌వర్డ్ మర్చిపోతే అడగడానికి ఒక ప్రశ్న ఎంచుకోమంది. ఆస్పత్రిలో కంప్యూటర్లు చూసుకునే ఆయన అందరికీ ఒకటే నూరిపోసేవాడు: "నిజం మాత్రం రాయకండమ్మా. నిజం ఎవడైనా కనుక్కుంటాడు." ఆమె తల్లికి ఒక్కగానొక్క బిడ్డ. అందుకే 'మీ అన్నయ్య ముద్దుపేరు ఏమిటి?' అన్నదాన్ని ఎంచుకుని, తోచిన పేరేదో రాసి పారేసింది. నాలుగో రోజున అన్నయ్య చేతిసంచీతో వచ్చి తలుపు తట్టాడు. ఆమె తల్లి తలుపు తీసి, ఎగాదిగా చూసి, "ఎంత చిక్కిపోయావురా! రా, ముందు భోంచెయ్యి" అంది. అంతే. ముక్కు మాత్రం అచ్చం చెల్లెలిదేనని పక్కింటావిడ కూడా ఒప్పుకుంది.

వచ్చిన రోజే ఆయన సంగతి చెప్పేశాడు. "ఆ ప్రశ్న నీ దగ్గర ఉన్నన్నాళ్లూ నీ ఇంట్లో ఉంటానమ్మా. పేరు మాత్రం అడక్కు. నోటితో చెబితే అది రహస్యం కాదు, నేనూ ఉండను." ఆమెకేమో తను రాసిందేమిటో అప్పటికే గుర్తులేదు. ఆమెకి అన్నయ్య, కూతురికి మామయ్య, తల్లికి పెద్దాడు. ఆ పిలుపులతోనే ఆరేళ్లు గడిచిపోయాయి. కూతురికి లెక్కలన్నా రసాయన శాస్త్రమన్నా ఉన్న భయం పోగొట్టింది ఆయనే.

రెండు నెలలుగా మెయిల్ కంపెనీ నుంచి ఒక కబురు వస్తోంది. ప్రశ్నల పద్ధతి ఎత్తేస్తున్నాం, మీ ప్రశ్నా జవాబూ తీసేస్తాం అని. కింద రెండు బొత్తాలు: 'సరే', 'తర్వాత'. ఆమె రోజూ దేవుడికి దండం పెట్టినంత శ్రద్ధగా 'తర్వాత' నొక్కుతూ వచ్చింది.

ఆ రోజు రెండున్నరకి కూతురు ల్యాబుకి ఫోన్ చేసింది.

"అమ్మా, పశువైద్య కాలేజీలో సీటొచ్చింది! నీ మెయిల్‌కి లింకు పంపారట. ఐదులోపు ఒప్పుకోవాలి. లేకపోతే తర్వాతవాళ్లకి ఇచ్చేస్తారు."

వచ్చే ఏటికి పిల్లకి వయసు దాటిపోతుంది. ఇది మూడోసారి రాసిన పరీక్ష. ఆమె పాత ఫోను ముందురోజే సింకులో పడి చచ్చింది. కొత్త ఫోను మెయిల్‌కి పాస్‌వర్డ్ అడిగింది. ఒక పక్క ఎమర్జెన్సీ వార్డు నుంచి ట్యూబులు, ఇంకో పక్క నల్లబడే తెర. ఆ కంగారులో ఆమె ల్యాబు పాస్‌వర్డ్‌ని మెయిల్‌కి కొట్టింది. ఒకసారి కాదు, మూడుసార్లు. మెయిల్ తాళం పడింది. ఇక ప్రశ్నకి జవాబు చెబితేనే తెరుస్తానంది.

పర్మిషన్ పెట్టి ఇంటికి పరుగెత్తేసరికి నాలుగుంపావు. కూతురు లాప్‌టాప్ ముందు గోళ్లు కొరుక్కుంటూ నిలబడి ఉంది.

'మీ అన్నయ్య ముద్దుపేరు ఏమిటి? మూడు అవకాశాలు.'

ఆమె 'చంటి' అని కొట్టింది. తప్పు. చాలాసేపు ఆలోచించి 'బాబీ' అని కొట్టింది. తప్పు. కంపెనీకి ఫోన్ చేస్తే పాట వినిపించింది. పాటలోనే నాలుగూ నలభై అయింది.

అన్నయ్య గదిలోంచి వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"లే, నేను కొడతాను. కొట్టడం చెప్పడం కాదుగా."

"తెరుచుకున్నాక 'తర్వాత' బొత్తాం లేకపోతే?" అంది ఆమె.

"లేకపోతే లేదు."

"వద్దు మామయ్యా," అంది కూతురు. "సీటు లేకపోతే ఇంకేదైనా చదువుతాను."

"రెండేళ్లు నా చేత పాఠాలు వాగించి ఇప్పుడు ఇంకేదైనా చదువుతావా? జరుగు."

ఆమె చూడలేక గోడవైపు తిరిగింది. వెనక ఐదారు మీటల చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే మెయిల్ తెరుచుకోబోతూ ఆగి ఉంది. మీ ప్రశ్న తొలగించబడుతుంది. కింద ఒక్కటే బొత్తాం: 'సరే'. ఐదు కావడానికి ఇంకా పన్నెండు నిమిషాలుంది.

"నొక్కమ్మా," అన్నాడు అన్నయ్య.

"నా చేత్తో నేనా?"

"నీ మెయిల్. నువ్వే నొక్కాలి."

నొక్కింది. ఉత్తరాలు బిలబిలమంటూ తెరనిండా వచ్చాయి. కళ్లనీళ్లలోంచే కాలేజీది వెతికి లింకు తెరిచింది. సీటు ఖరారైంది. పక్కకి తిరిగేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

ఆమె తల్లి వంటింటి గుమ్మంలోంచి ఆ కుర్చీని చూసింది. "కాస్త టీ అయినా తాగి వెళ్లాల్సింది," అని గుమ్మంలోనే చతికిలబడింది. తల్లిని అలా చూసేసరికి ఆమెకి ఆ క్షణాన కూతురి సీటు మీద కూడా కోపం వచ్చింది.

లాప్‌టాప్ మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. కొత్త విద్యార్థిని కదా, నీ పేరున ఖాతా తెరువు అంది. పాస్‌వర్డ్ పెట్టుకో, ఒక ప్రశ్న ఎంచుకో అంది. కాలేజీవాళ్లది ఇంకా పాత పద్ధతే. కూతురు జాబితాలో కిందికంటా వెళ్లి, 'మీ మేనమామ ముద్దుపేరు ఏమిటి?' దగ్గర ఆగింది. ఎడమచెయ్యి తెరకి అడ్డం పెట్టి, కుడిచేత్తో టకటకా కొట్టేసింది.

"నీకెలా తెలుసే?"

"నువ్వు గోడవైపు తిరిగావు. నేను మామయ్య వేళ్లు చూశాను."

ఆమె ఆశగా వీధి తలుపు వైపు చూసింది. అది గమనించి కూతురు మెల్లగా అంది: "ఇది నా ఖాతా అమ్మా. ఇక్కడికి రాడు. నేనుండే చోటికొస్తాడు."

కాలేజీ ఒక పగలూ ఒక రాత్రీ రైలు ప్రయాణం. ఆ ఊళ్లో పిల్లకి తెలిసిన మనిషంటూ లేడు. ఆ బెంగతోనే ఆమె మూడు పరీక్షలకీ ఒకవైపు దరఖాస్తు పెడుతూ, ఇంకోవైపు రాకపోతే బాగుండునని లోలోపల అనుకుంది. ఇప్పుడు ఆ బెంగ పోయింది. దాని స్థానంలో అన్నయ్య లేని ఇల్లు వచ్చి కూర్చుంది.

ఆమె కళ్లు తుడుచుకుని అన్నయ్య గదిలోకి వెళ్లింది. కొక్కేలకి వేలాడుతున్న నాలుగు చొక్కాలూ తీసి, మడతపెట్టి, కూతురి పెట్టెలో అన్నిటికన్నా అడుగున సర్దింది. తల్లి లేచి వచ్చి అందులోంచి ఒకటి పైకి తీసి, ఊడబోతున్న బొత్తాం కుట్టి, మళ్లీ పెట్టెలో పెట్టింది.