నల్లపొర ఎరిగిన తీపి

వరదమ్మ ఆ రేకును చింతపండుతో తోమింది. తిరుపతిలో ఒక కాలేజీ లాబులో గాజుసామాను కడగడం ఆమె పని. వేలెడంత ప్లాటినం రేకు మసిబట్టినట్టు నల్లగా కనబడితే, ఇంట్లో దీపం కుందెను తోమినట్టే తోమి తళతళలాడించింది.

పరిశోధన చేసే షబ్రీన్ వచ్చి చూసి స్టూలు మీద కూలబడింది.

"ఎంత పని చేస్తివి వరదక్కా! అది మసి కాదు. కరెంటు పారే ప్లాస్టిక్కు పొర. నెత్తుట్లో చక్కెర కొలిచే ఎంజైము దాంట్లోనే ఉండాది."

"ప్లాస్టిక్కులో కరెంటు పారేదేంది? నా సెవిలో పూలు పెట్టొద్దు పాపా."

"మూడు గంటలకు సారు వస్తాడు. పొర పనిచేస్తేనే థీసిస్, లేకుంటే ఈ పని మానుకోమన్నాడు. ఎంజైము చూడు, ఇంతే మిగిలింది. మళ్ళీ బొంబాయి నుంచి రావాలంటే మూణ్ణెల్లు!"

సీసా అడుగున చిటికెడు పసుప్పచ్చ పొడి ఉంది. వరదమ్మకు అక్కణ్ణించి కదలబుద్ధి కాలేదు.

షబ్రీన్ ఆ పొడిని నీళ్ళలో కరిగించింది. పైరోల్ అనే మందు చుక్కలు కలిపి, రేకును ముంచి, తీగలు తగిలించి కరెంటు పెట్టింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత రేకు అంచున పొగ సోకినట్టు చిన్న నీడ. అది గోధుమరంగై, నలుపై, రేకంతా పాకింది. దీపం మీద పళ్ళెం బోర్లిస్తే కాటుక పట్టినట్టే ఉంది. కానీ ఇక్కడ మంట ఏదీ? తేట నీళ్ళలో ఇంత నలుపు ఎక్కడ దాగింది?

"అట్లా పేరుకుంటానే ఎంజైమును లోపలికి ఇముడ్చుకుంటాది," అంది షబ్రీన్.

రేకును కడిగి, వేరే నీళ్ళలో పెట్టింది. తీగలతో రేకుకు కలిపిన పక్క మిషను మీద కాగితం మెల్లగా జరుగుతుంటే పెన్ను తిన్నగా గీత గీస్తోంది. షబ్రీన్ గ్లూకోజు తూయడానికి అటు తిరిగింది. వరదమ్మ ఇక ఆగలేకపోయింది. టీ డబ్బాల పక్కనున్న చక్కెర చిటికెడు తెచ్చి నీళ్ళలో వేసింది.

పెన్ను కదల్లేదు.

"సచ్చిపోయినాది పాపా! నా చేత్తోనే సంపేసినాను!"

"ఏం వేసినావు?"

"సక్కెరే! నువ్వే గదా సక్కెర కొలస్తాదంటివి!"

షబ్రీన్‌కు అంత భయంలోనూ నవ్వొచ్చింది. "నెత్తుట్లో ఉండేది గ్లూకోజు అక్కా. టీలో చక్కెర వేరే. దీనికి అది తెల్దు."

మళ్ళీ తేట నీళ్ళు పోసి, గ్లూకోజును కరిగించి చుక్క వేసింది. పెన్ను ఉలిక్కిపడి పైకి పాకి, ఒకచోట నిలిచింది. ఇంకో చుక్కకు ఇంకో మెట్టెక్కింది.

వరదమ్మ గ్లూకోజు కాసింత నాలిక మీద వేసుకుంది. తీపే. చక్కెరా వేసుకుంది. అదీ తీపే. యాభై ఏళ్ళ నాలికకు ఇది వేరు, అది వేరు అని తెలిసి రాలేదు. నోరూ నాలికా లేని ఆ నల్లపొరకు తెలిసింది.

సారు వచ్చి కాగితం చూశాడు. "ఇక్కడ గీత కదల్లేదేం?"

"చక్కెర సార్. వరదక్క వేసింది."

"మంచిది. అదీ రాసుకో. థీసిస్‌లో ఉండాలి."

వరదమ్మ ఆ మాట వినలేదు. వంగి, ఊపిరి బిగబట్టి రేకునే చూస్తోంది.

"పాపా, ఇంకొక్క సుక్క ఎయ్యి," అంది.