గొంతులో గుండుసూది

ఎక్స్‌రేలో ఏమీ లేదట! గొంతులో గుండుసూది ఉంది మొర్రో అని నేను మొత్తుకుంటుంటే, ఆ నల్ల ఫిల్ము కాదంటుందా?

"పాలు తప్ప ఏదీ దిగడం లేదు డాక్టరమ్మా. ఇలాగే ఉంటే చీపురుపుల్లనైపోతాను," అన్నాను.

నాది బట్టలు కుట్టే పని. కొలత సరిచేసేటప్పుడు గుండుసూదులు పళ్ల మధ్య పట్టుకోవడం మాకు అలవాటు. ఎప్పుడో ఒకటి జారి ఉంటుంది.

"నొప్పి నిజమే అమ్మా. సూది మాత్రం లేదు. గొట్టం వేసి కూడా చూశాను. దుఃఖం దిగమింగుకుంటే గొంతు ఇలా బిగుసుకుపోతుంది."

నాకు ఒళ్లు మండిపోయింది. "అంటే పిచ్చిదాన్నంటారా? మీకు దొరక్కపోతే నా మీదకి తోస్తారా?"

ఆమె కోప్పడలేదు. కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. "సిగ్గేస్తే మొహం ఎర్రబడుతుంది కదా, అది నాటకమా? ఇదీ అంతే. ఎప్పుడు మొదలైంది?"

"అక్క పోయాక."

దుకాణంలో మేమిద్దరమే. అక్కది మిషను, నాది కత్తెర. అక్క గుక్క తిప్పుకోకుండా మాట్లాడేది. నేను నోట్లో సూదులతో ఊఁ కొట్టేదాన్ని.

"ఇప్పుడు ఎవరితో మాట్లాడతారు?"

"నోట్లో సూదులుంటే ఎలా మాట్లాడను?"

"కొలతలు లేనప్పుడు కూడా ఉంటాయా?"

నిజమే. పొద్దున తాళం తియ్యగానే సూదులు నోట్లో పెట్టుకుంటున్నాను. పలకరించబోయినవాళ్లు అవి చూసి ఊరుకుంటారు. ఆ పలకరింపులు తప్పితే చాలనుకున్నాను.

"వచ్చే వారం రండి. సూది లేదు కదా, ఇక పొమ్మని అనను," అంది డాక్టరమ్మ.

దుకాణానికి వచ్చి సూదులు డబ్బాలో వేసి మూత పెట్టాను. అక్క మిషను మీద కప్పిన గుడ్డ తీశాను. ఎవరైనా వింటే నవ్విపోతారని వీధివైపు ఓసారి చూసుకున్నాను.

"సూది లేదటే అక్కా," అన్నాను. "ఆ డాక్టరమ్మ మీద ఇంతెత్తున లేచాను. మంచిదే, పాపం."

ఆగాను. ఇన్నేళ్లూ ఊఁ కొట్టింది నేను. ఇప్పుడు నేను చెబుతుంటే ఊఁ కొట్టేవాళ్లు లేరు.

అప్పుడు వచ్చింది ఏడుపు. అక్కను తీసుకెళ్లిన రోజు కూడా రాని ఏడుపు. మిషను మీద తల పెట్టుకుని ఎక్కిళ్లు పడేదాకా ఏడ్చాను. ఒంటరిదాన్నైపోయానని మొదటిసారి పైకి అన్నాను.

మొహం కడుక్కుని బ్రెడ్డు ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను. నొప్పిగానే ఉంది. అయినా దిగింది.

"దిగిందే అక్కా," అన్నాను.

ఊఁ కూడా నేనే అన్నాను.