అంచున అత్తగారు

జలపాతం అంచున మోకాటిలోతు నీళ్ళలో వంగి, లికాండో మరో జత కాళ్ళు పట్టుకున్నాడు. ఉడికిన చిలగడదుంపల్లా ఉబ్బి ఉన్నాయవి. వాటి సొంతదారు రాతిమీద బోర్లా పడుకుని, జాంబేజీ నది దూకే గోతిలోకి తల వేలాడేసి కేకలు పెడుతున్నాడు. ఇంట్లో ఎలుక కనబడితే మంచమెక్కే రకాలు ఇంతదూరం వచ్చి చావు మొహంలోకి తొంగిచూస్తామంటారు. పట్టుకోవడానికి మాత్రం ఇంకొకడుండాలి.

లికాండో బతుకంతా ఆ ఇంకొకడే. అరచేతులు నానినాని ముడతలు పడిపోయాయి. జనం తీసుకునే ఫొటోల్లో అతని మణికట్లే పడేవి.

అత్తగారు నమాకౌకి ఈ పనంటే చులకన. "కాళ్ళు పట్టుకోవడం కూడా ఓ పనేనా? చేపలు పట్టేవాడికిచ్చినా మా పిల్ల సుఖపడేది" అనేది. పెళ్ళయినప్పట్నుంచీ "మా పిల్ల మొగుడు" అనడమే తప్ప, నోరారా అల్లుడని పిలవలేదు. ఆ ఒక్క పిలుపు కోసం లికాండో మొహం వాచిపోయాడు.

ఆవేళ పడవ దిగి, పూలగొడుగు వేసుకుని, ఆవిడే వచ్చింది. ఆ పనేదో కళ్ళారా చూసి నవ్వుకుందామని.

లికాండో తలెత్తాడు. వాళ్ళ జనంలో అత్తగారు ఎదురైతే మోకరిల్లి, రెండు చేతులూ దొప్పల్లా చేసి చప్పట్లు చరచాలి. చిన్నప్పట్నుంచీ ఒంటికి పట్టిన అలవాటు. చేతులు వాటంతటవే కాళ్ళు వదిలేసి చప్, చప్, చప్‌మన్నాయి.

"బాగున్నారా అత్తమ్మా?"

"కాళ్ళు! ఒరే, కాళ్ళురా!" అంటూ తోటి గైడు సితాలి ఒక్క ఉరుకున వచ్చి, జారిపోతున్న ఆసామి పిక్కలమీద కూలబడ్డాడు.

పైకి లాగాక ఆసామి వణుకుతూనే, "ఆ జారుడుందే, అదే అసలు మజా! ఇంకోసారి!" అన్నాడు.

మేనేజరుకి మజా అనిపించలేదు. "ఇన్నేళ్ళలో ఎన్నడూ వదల్లేదు కదయ్యా! ఇవాళేం పుట్టింది?"

"అత్తగారండి."

మేనేజరూ ఆ జనంలోవాడే. తల గోక్కున్నాడు. "నాకూ ఉందిలే ఒకావిడ. అయినా సరే, రేపట్నుంచి రాకు."

లికాండో మెడలో ఈల తీసి అతని చేతిలో పెట్టాడు.

నమాకౌ గొడుగు ముడిచింది. "నాకు దణ్ణం పెట్టడానికి మనిషిని గాలికొదిలేశావా?"

"తప్పే అత్తమ్మా."

"వాడు పోయుంటే?"

ఆవిడ మొహం తిప్పేసుకుంది గాని, భుజాలు నవ్వుతో అదురుతున్నాయి.

"పద అల్లుడూ, ఆకలేస్తోంది. రేపట్నుంచి చేపలే పడుదువుగాని" అని పడవవైపు నడిచింది.

ముందు నడుస్తున్న అత్తగారిని ఆగమనకూడదు. లికాండో వట్టికాళ్ళతోనే వెనకాల వెళ్ళిపోయాడు. టైరుముక్కలతో కుట్టిన అతని చెప్పులు మాత్రం అంచు పక్క రాతిమీద తుంపరకి తడుస్తూ, ఎండకి ఆరుతూ, మళ్ళీ తడుస్తూ ఉండిపోయాయి.