ఖాళీ ఇంటి దండెం

ప్రొక్లెయిన్ చెయ్యి అప్పటికే పైకి లేచింది. దాని కిందే నిలబడి మా వదిన డ్రైవరు మీద అరుస్తోంది.

"ముందు నా మీద వెయ్యి! గోడ మీద తర్వాత వేద్దువుగాని!"

మెడలో కొలత టేపు, చేతిలో కత్తెర. ఆ కత్తెర చూసే కాబోలు, డ్రైవరు కిందికి దిగే సాహసం చెయ్యడం లేదు.

ఖాళీ ఇంటి పైగదిలోంచి ఇంకా సన్నగా పొగ వస్తోంది. ఫైరింజను వాళ్లు వెనకవైపు గొట్టాలు చుట్టుకుంటున్నారు. ఈ నెలలో ఆ ఇల్లు అంటుకోవడం ఇది మూడోసారి. మూడోసారి అంటుకుంటే కూల్చెయ్యాలని మా ఆఫీసు ఆర్డరు. ఊళ్లో పాడుబడిన ఇళ్లన్నీ చూసుకునే ఇన్‌స్పెక్టర్ని నేనే కాబట్టి, దాని మీద సంతకమూ నాదే. చిక్కల్లా ఒక్కటే. ఆ ఇంటికీ మా వదిన కుట్టుషాపుకీ ఉన్నది ఒకే గోడ. అది పడితే కింద షాపు, పైన కాపురం, రెండూ నేలమట్టం.

"ఎవరో కావాలని నిప్పు పెట్టారంటే వేరే సంగతి మేడమ్," అన్నాడు ఇంజనీరు. "అప్పుడది పోలీసు కేసు. ఇల్లు ముట్టుకోకూడదు. లేదంటే ఇవాళే పడగొట్టాలి. లోపల ఏం దొరికాయో చూశారుగా?"

చూశాను. సగం కాలిన గుడ్డ పీలికలు. వదిన షాపువే. కేసంటే అనుమానం ముందు తన మీదికే పోతుంది.

"నా చెత్త బస్తా వీధిలోనే ఉంటుంది. ఎవడైనా ఎత్తుకుపోవచ్చు," అని వదిన నా వైపు తిరిగింది. "ఏం మరదలా, మీ అన్నయ్య మీద కోపం నా గోడ మీద తీర్చుకుంటున్నావా?"

"అన్నయ్య మీద కోపం నీతో పెళ్లి చేసినప్పుడే తీర్చుకున్నాం కదా వదినా, ఇంకా గోడ దాకా ఎందుకు?"

నవ్వాపుకోవడానికి ఇంజనీరు దగ్గాడు.

ఖాళీ ఇంటికి రెండో పక్క, సన్నటి సందు అవతల, పళ్ల డాక్టరు క్లినిక్. ఆయన అందరికీ నీళ్లసీసాలు పంచుతూ వచ్చాడు. "పాపం, ఆవిడకి సామాను తీసుకునే టైమైనా ఇవ్వండి సార్," అని ఇంజనీరుని బతిమాలాడు. "నేను పొద్దున్నుంచీ క్లినిక్‌లోంచి కదల్లేదు. ఫైరింజను గంట విని బయటికొస్తే ఇదీ పరిస్థితి."

ఇంతలో వీధి వీధంతా నా మీద పడింది. గొడవ బట్టల గురించి. ఇంట్లో మనుషులున్నట్టు కనబడితే తాగుబోతులు, పేకాటరాయుళ్లు లోపలికి దూరరని, ఖాళీ ఇంటి వరండాలో దండెం కట్టించింది నేనే. వీధివాళ్లందరూ అక్కడే ఆరేస్తారు. ఉపాయం పారింది కూడా. ఇవాళ మాత్రం వరండా మీదికున్న వెంటిలేటర్లోంచి దూసుకొచ్చిన పొగకి బట్టలన్నీ మసిబారాయి.

"నా తెల్లచొక్కా చూడమ్మా! బొగ్గుల బస్తాలోంచి తీసినట్టుంది," అన్నాడు రిటైరైన కండక్టరు.

"ఇదివరకూ అదే రంగు కదా అన్నయ్యా," అంది వదిన.

"ఎవరివి వాళ్లు తీసుకోండి, తర్వాత మాట్లాడదాం," అన్నాను, వదిలించుకోవడానికే.

తీసుకుంటున్నారు. దండెం ఖాళీ అవుతుంటే నా కళ్లు దాని మీదే ఆగిపోయాయి. తెల్ల నైలాను తాడు. బట్టలున్న చోటల్లా తాడు తెల్లగానే ఉంది. మధ్యలో, ఎండ బాగా పడే చోట మాత్రం రెండు బారల మేర నల్లగా ఉంది. అంటే పొగ వచ్చినప్పుడు అక్కడ బట్టల్లేవు. కానీ దాని కింద నేల మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. నీళ్ల మీద మసి తేలుతోంది. అంటే అవి పొగకి ముందే, ఏవో తడిబట్టల నుంచి కారిన నీళ్లు.

"వదినా, పొగని మొదట చూసిందెవరు?"

"నేనే. కాజాలు కుడుతూ తలెత్తాను. దండెం మధ్యలో ఖాళీగా కనబడింది. ఎండ బాగుంది కదా, నా దుప్పటి అక్కడికి జరుపుదామని లేచాను. అప్పుడే పొగ."

"అంతకుముందు అక్కడ ఎవరివి ఉన్నాయి?"

"డాక్టరు గారి కోట్లు," అంది కండక్టరు భార్య. "నీళ్లోడుతున్నాయని మా ఆయన చొక్కా పక్కకి జరుపుకున్నాను."

అన్ని తలలూ ఒకేసారి తిరిగాయి.

"ఆరిపోయాయి, తీసేశాను. అదీ తప్పేనా?" అన్నాడు డాక్టరు.

"పొద్దున్నుంచీ క్లినిక్‌లోంచి కదల్లేదన్నారుగా?" అన్నాను.

"మధ్యలో ఒక్క నిమిషం..."

వదిన మిగతా మాట వినలేదు. క్లినిక్‌లోకి దూసుకుపోయి, వెళ్లినంత వేగంగానే తెల్లకోటు పట్టుకుని బయటికొచ్చింది. ఇంజనీరు ముందు నిలబడి పిండింది. నీళ్లు ధారకట్టి ఆయన బూట్ల మీద పడ్డాయి.

"ఇదిగో, ఆరిపోయిన కోటు!"

"మంచి ఎండలోంచి తడిబట్టలు తీశారంటే, వాటి మీద మసి పడుతుందని మీకు ముందే తెలుసన్నమాట," అన్నాను.

ఫైర్ ఆఫీసరు ముందుకొచ్చాడు. "పైగది పక్క కిటికీ తెరిచే ఉంది మేడమ్. ఎదురుగా క్లినిక్ మెట్లే. ఒక్క అంగ వేస్తే లోపలుంటారు."

"నాకేం అవసరం?" డాక్టరు గొంతు కీచుమంది.

"ఇల్లు పోతే పేషెంట్ల కార్లకి చోటొస్తుందని మొన్న నా పన్ను పీకుతూ నువ్వే అన్నావు!" వదిన కోటు ఆయన భుజాన పడేసింది. "నోటినిండా దూది కుక్కావు కాబట్టి సరిపోయింది, లేకపోతే అప్పుడే జవాబు చెప్పేదాన్ని."

డాక్టరు సందు వైపు ఒక అడుగు వేశాడు. కండక్టరు మసిచొక్కాతో సహా అడ్డంగా నిలబడ్డాడు.

ఇంజనీరు చెయ్యెత్తి సైగ చేశాడు. ప్రొక్లెయిన్ మూలుగుతూ చెయ్యి దించింది. వదిన అప్పుడు గానీ దాని ముందునుంచి పక్కకి జరగలేదు.

"మేడమ్, కేసంటే గుసగుసలు పనికిరావు," అన్నాడు ఇంజనీరు. "ఇంతమంది ముందు మీరే చెప్పాలి. నిప్పు పెట్టిందెవరు?"

నేను వరండా మెట్టెక్కి, వీధి చివరిదాకా వినబడేలా చెప్పాను.

"పళ్ల డాక్టరు."