కారం అంటని చేతులు

చిలకలూరిపేట హైవే పక్కన, మిరపకాయల తొడిమలు తీసే షెడ్డులో వెంకటరావమ్మ ముందు గంప దబ్బున పడింది. పడేసింది సూపర్‌వైజర్ నాగేంద్రబాబు.

"కాయ ముట్టకుండానే కూలి తీసుకుంటన్నావంట. కూర్చో! తియ్యి తొడిమలు!"

ముసలమ్మ కాయ ముట్టని మాట నిజమే. ఆమెను ముట్టనివ్వనిది ఆడవాళ్లే. షెడ్డు వెనక చీర ఉయ్యాలల్లో వాళ్ల పసిపిల్లలుంటారు. కారం చేతులతో తల్లులు బిడ్డల్ని ఎత్తుకోలేరు. అందుకే పిల్లల్ని చూసుకునేందుకు ఈమె ఒక్కదాని చేతులు శుభ్రంగా ఉంచి, తలా ఒక దోసెడు తొడిమ తీసిన కాయ ఆమె గంపలో పోస్తారు. అదే ఆమె కూలి.

"ఆమె కూడా ఇక్కడ కూర్చుంటే పిల్లల్నెవరు చూస్తారండీ?" అంది జయకుమారి. పత్తి పురుగుపాలై చేను చేజారాక ఆమె ఇల్లు ఈ కూలి మీదే నిలబడింది. పిల్లాడికింకా ఏడాది నిండలేదు.

"పోర్టులో ఓడ మీ పిల్లల కోసం ఆగుద్దా? లారీ లోడయ్యేదాకా ఎవరూ కదలడానికి లేదు." గేటుకు తాళం వేయించాడు. వెంకటరావమ్మ గంప ముందు కూర్చుని తొడిమలు తీయసాగింది.

సముద్రాల అవతల ఎవరి కూరకో రంగు కావాలని ఇక్కడ ఉయ్యాల ఊపే చెయ్యి లాగేశారు. పైగా దీని పేరు అభివృద్ధి!

మధ్యాహ్నం జయకుమారి కొడుకు ఏడ్చాడు. వెంకటరావమ్మ అలవాటు కొద్దీ లేచి పరుగెత్తింది. తన చేతులిప్పుడు కారమన్న సంగతే మరిచిపోయింది. వాడి కళ్లు తుడిచింది. వాడు గుక్కపట్టి కేకపెట్టాడు.

జయకుమారి ఉరికొచ్చి ఉయ్యాల ముందు ఆగిపోయింది. ఆమె చేతులూ కారమే. చుట్టూ ఉన్న అందరివీ కారమే. నాగేంద్రబాబు వైపు తిరిగింది.

"మీరెత్తండి బాబూ! ఈ షెడ్డు మొత్తానికీ కారం అంటని చేతులు మీయే!"

నాగేంద్రబాబు రెండడుగులు వెనక్కి వేశాడు. "నేనేమన్నా ఆయానా?"

తోటి కూలి రహిమున్నీసా మంచినీళ్ల బిందె ఎత్తి పిల్లాడి కళ్ల మీద నీళ్లు ధారగా పోసింది. రెప్పలు వాచి మూసుకుపోయాయి.

"గేటు తియ్యవయ్యా, ఆసుపత్రికి పోవాలి!" అని అరిచింది జయకుమారి.

తియ్యలేదు. ఆడవాళ్లంతా గంపలు వదిలేసి లేచారు. అతను పోలీసులకు ఫోన్ చేశాడు. జయకుమారి నూనెతో రుద్ది రుద్ది చేతులు కడుక్కుని బిడ్డను ఎత్తుకునేసరికి జీపు రానే వచ్చింది. దానికి మాత్రం గేటు తీయించాడు.

"ఈ ముసల్దేనండీ, పసివాడి కళ్లల్లో కారం కొట్టి వీళ్లని రెచ్చగొట్టింది" అన్నాడు నాగేంద్రబాబు. జయకుమారి పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "అవునని చెప్పు. రేపట్నుంచి మేస్త్రీవి నువ్వే. లేదంటే ఏ షెడ్డులోనూ పని దొరకదు."

ఇంట్లో పొయ్యి గుర్తొచ్చింది ఆమెకు. భయమేసింది.

"ఎవరు చేశారమ్మా ఇది?" అడిగాడు ఎస్సై.

"ఆ అమ్మ చేతులకి కారం పూసింది ఇతనండీ. తాళమేసిందీ ఇతనే."

ఎస్సై వినిపించుకోలేదు. వెంకటరావమ్మను జీపులోకి తోయించాడు. ముసలమ్మ చేతులు ఒళ్లో దాచుకుంది.

జయకుమారి బిడ్డతో జీపుకు అడ్డంగా నిలబడింది. "ముందు ఆసుపత్రికి పోనియ్యండి. తర్వాత స్టేషన్‌కి. మేమందరం వస్తాం."

"అందరం!" అంది రహిమున్నీసా. జీపు చుట్టూ ఆడవాళ్లు మూగారు. ఎస్సై లాఠీ తీశాడు. ఒక్కరూ జరగలేదు.

అప్పుడు వినిపించింది. రోడ్డు పొడవునా తాళాలేసిన పక్క షెడ్ల గేట్లను లోపలినుంచి ఆడవాళ్లు బాదుతున్నారు.