నలభై ఒక్క ఎర్ర టిక్కులు

"నాలుగో పేజీ ఏదీ?" అన్నాడు భర్త, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ.

చొక్కా ఇంకా వేడిగానే ఉంది. ఆమె ఇస్త్రీ పెట్టె వైరు తీసి, పెట్టెను గోడవారకు జరిపింది. మూడు పేజీలు ఫైల్లో పెట్టాననీ, చివరిది ఇంకా దిద్దాలనీ, హాల్లో అందిస్తాననీ చెప్పింది. ఆయనకు అనుమానం రాలేదు. రావడానికి కారణం కూడా లేదు. ఇరవై రెండేళ్లుగా ఆయన ఉపన్యాసాలన్నీ పొయ్యికీ ఇస్త్రీ బల్లకీ మధ్యనే పుట్టాయి. ఆయన ఉపాధ్యాయ సంఘం కార్యదర్శి. గొంతు ఆయనది, మాట ఆమెది. చప్పట్లు ఎవరివో వేరే చెప్పక్కర్లేదు.

"నువ్వు వెనక వరసలో కూచో. నోరు మెదపకు. ఆ క్షమాపణ కాగితం మీద సంతకం పెట్టి తెచ్చావంటే అన్నీ అవే సర్దుకుంటాయి."

ముందుగదిలోంచి అత్తగారు అందుకుంది. "మూతలేని గిన్నె పొంగి పొయ్యే ఆర్పుతుందమ్మా. వాడు నీ మంచికే చెబుతున్నాడు."

ఆమె సంచీ సర్దుకుంది. అందులో క్షమాపణ కాగితం లేదు. నాలుగో పేజీ కూడా లేదు. నీలం అట్ట ఉన్న పెద్ద పుస్తకం ఒకటి ఉంది, అంతే.

రెండు నెలల కిందట కేంద్ర ప్రభుత్వం విద్యా సంస్కరణ పేరుతో కొత్త విధానం తెచ్చింది. అరవైమంది కన్నా తక్కువ పిల్లలున్న బడులను మూసేసి, ఆరు కిలోమీటర్ల అవతల పెద్ద బడిలో కలిపేస్తారు. ఆమె పనిచేసే చిన్నబడిలో నలభై ఒక్కమంది పిల్లలు, ఒక్క టీచరు. ఆ ఒక్క టీచరూ తనే. పిల్లలు చాటుగా పెట్టుకున్న పేరు ఎర్రపెన్ను. ఆ పేరు తనకి తెలుసునని వాళ్లకి తెలియదు.

విధానం మీద అభ్యంతరాలుంటే ముప్ఫై రోజుల్లో తెలపాలని ప్రకటన వచ్చింది. సంఘం ఒక తీర్మానం చేసి ఊరుకుంది. తీర్మానం కూడా ఆమే రాసింది, మీటింగుకి వచ్చిన పధ్నాలుగుమందికి టీ పెట్టి, కప్పులు కడిగాక. అప్పుడే అడిగింది భర్తను, తల్లుల చేత రాయిస్తే బాగుంటుంది కదా అని. ఆయన నవ్వాడు. "వాళ్లకి సంతకమే సరిగా రాదు. విధానాల గురించి ఏం రాస్తారు?" అక్కడున్న పధ్నాలుగుమందీ నవ్వారు. ఆ నవ్వు ఆమె చెవిలో వారం రోజులు ఉండిపోయింది. తన తల్లికీ సంతకం వచ్చేది కాదు. ఆ తల్లే రోజూ బడి గేటు దాకా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, గంట కొట్టేదాకా నిలబడి, అప్పుడు పనికి వెళ్లేది. చదువంటే ఏమిటో ఆ నిలబడ్డ మనిషికి తెలిసినంత ఈ పధ్నాలుగుమందికీ తెలుసా అనిపించింది.

ఆమె కబురు పెడితే మర్నాటి నుంచి మధ్యాహ్నం గంట కొట్టగానే బడి మెట్ల మీద తల్లులు కూర్చున్నారు. ఒకావిడ బట్టలు కుడుతుంది. ఒకావిడ మేస్త్రీల వెంట ఇటుకలు మోస్తుంది. ఒకావిడ విద్యాశాఖ ఆఫీసులోనే టీలు అందిస్తుంది. రాయడం వచ్చినవాళ్లు రాశారు. రానివాళ్లు ఏం రాయాలో చెబితే వాళ్ల పిల్లలు పలక మీద రాసిచ్చారు, వాళ్లు దాన్ని చూసి కాగితం మీద దించారు. టీచరు ఒక్క మాట కూడా అందించలేదు. పంతం అది. బట్టలు కుట్టే ఆవిడ రాసింది చదివి మాత్రం ఆమె కాసేపు లేవలేకపోయింది. "బడి నడిచేంత దూరంలో ఉంటే మా అమ్మాయి చదువుకుంటుంది. బస్సు ఎక్కేంత దూరంలో ఉంటే దానికి పెళ్లవుతుంది." అంతే, రెండు వాక్యాలు. ఇరవై రెండేళ్లుగా భర్తకి రాసిచ్చిన ఉపన్యాసాల్లో అలాంటి వాక్యం ఒక్కటీ లేదు.

బిడ్డకొకటి చొప్పున నలభై ఒక్క కాగితాలు గడువుకు రెండు రోజుల ముందే ఆఫీసు చేరాయి. వారం తిరక్కుండా కట్ట కట్టినట్టే వెనక్కొచ్చాయి. పైన ఒక చీటీ. "ప్రతి కాగితంపైనా ప్రభుత్వ ఉద్యోగి గుర్తులు ఉన్నందున, ఒత్తిడి చేసి రాయించినవిగా భావించి తిరస్కరించడమైనది." కింద ఇంకో చీటీ ఆమె పేరున. మెమో. సంజాయిషీ ఇవ్వాలి, లేదంటే సస్పెన్షన్.

ఆమె కట్ట విప్పి చూసింది. ప్రతి కాగితం అడుగున ఎర్ర టిక్కు, పక్కన తన పొట్టి సంతకం, తేదీ. ఎప్పుడు పెట్టిందో తనకే తెలియదు. నోటు పుస్తకాలు దిద్దీ దిద్దీ అలవాటైన చెయ్యి. కాగితం చదవడం పూర్తవగానే పెన్ను దానంతట అదే కదిలింది. నలభై ఒక్కమంది పిల్లల ఇళ్ల మాటని ఆ చెయ్యే చెత్తబుట్టలో వేసింది. ఆ రోజు బడి అయ్యాక బల్ల మీద తల పెట్టుకుని చాలాసేపు ఉండిపోయింది.

టీలు అందించే ఆవిడ వచ్చి పక్కన నిలబడింది. "మీరు ఊరికే బాధపడకండి టీచరుగారూ. టిక్కు లేకపోయినా వాళ్లు చదివేవాళ్లు కాదు. నా కాగితం మా ఆఫీసు పెద్దసారు టీ కప్పు కింద పెట్టుకున్నాడు. నా కప్పే, నా కాగితమే. కళ్లారా చూశాను."

భర్త మాత్రం విషయాన్ని చకచకా చక్కబెట్టుకొచ్చాడు. ఆమె తెలియక చేశానని రాసిస్తే మెమో వెనక్కి తీసుకుంటారట. కొత్త విధానం మీద జరగబోయే బహిరంగ విచారణలో సంఘం దాన్ని సూచనలతో స్వాగతిస్తే, అమలు కమిటీలో ఆయనకో కుర్చీ ఉంటుందట. "ఆ స్వాగతం ముక్క నాలుగో పేజీలో రాయి, కాస్త గౌరవంగా," అన్నాడు. ఆమె బడి మూతపడ్డానికి ఆమె చేతే గౌరవంగా రాయించుకుంటున్నాడు. ఆమెకు కోపం రాలేదు, అదే ఆశ్చర్యం. బుర్ర మాత్రం చాలా తేటగా పనిచేసింది. ప్రకటన మళ్లీ మొదటి నుంచి చదివింది. భర్త మొదటి పేజీ దాటి ఎప్పుడూ చదవలేదు. మూడో పేజీలో ఉంది: అభ్యంతరాలు రాతపూర్వకంగా గాని, విచారణకు స్వయంగా వచ్చి నోటిమాటగా గాని తెలపవచ్చు. నోటిమాటను అక్కడికక్కడే నమోదు చేయాలి.

విచారణ ఆదివారం పెట్టారు. ఎవరూ రారని వాళ్ల ధీమా.

పదిన్నరకి హాలు సగం నిండింది, ఎక్కువమంది తల్లులే. వేదిక మీద పెద్దసారు, పక్కన రాసుకునే గుమాస్తా. తల్లిదండ్రుల నుంచి చెల్లుబాటయ్యే అభ్యంతరాలేవీ రాలేదని పెద్దసారు ప్రకటించి, కార్యదర్శిగారిని పిలిచాడు. భర్త లేచాడు. మొదటి పేజీ సంఘం చరిత్ర. రెండో పేజీ సంఘం త్యాగాలు. మూడో పేజీలో దేశానికి చదువెంత అవసరమో గంభీరంగా చదివాడు. ఆ పేజీలో ఆఖరి మాట "కనుక".

"కనుక," అన్నాడు భర్త. కాగితం తిప్పాడు. ఏమీ లేదు. అలవాటుగా వెనక్కి చూశాడు.

ఆమె లేచింది. సంచీలోంచి నీలం అట్ట పుస్తకం తీసి ముందు వరస దాకా నడిచింది.

"నాలుగో పేజీ నా దగ్గరుందండి," అంది.

అది పిల్లల హాజరు పట్టీ.

పెద్దసారు ముఖం ముడుచుకున్నాడు. ప్రభుత్వ ఉద్యోగికి ఇక్కడ మాట్లాడే హక్కు లేదన్నాడు.

"నేను మాట్లాడనండి. హాజరు వేసుకుంటాను."

"ఆదివారం హాజరేమిటి?"

"ఆదివారం సెలవు పిల్లలకండి. ఇవాళ తల్లుల హాజరు." పుస్తకం తెరిచింది. ఇరవై రెండేళ్లుగా రోజూ పలికే గొంతు, ఇంట్లో ఎవరూ వినని గొంతు, హాలు చివరి దాకా వెళ్లింది. "ఒకటో నంబరు."

"వచ్చానండీ," అంటూ బట్టలు కుట్టే ఆవిడ లేచింది. రెండు వాక్యాలూ చెప్పింది. గుమాస్తా కలం ఒక్క క్షణం ఆగింది, తర్వాత కదిలింది. రెండు. మూడు. ఇటుకలు మోసే ఆవిడకి ఇద్దరు పిల్లలు, రెండోసారి లేచి "మళ్లీ నేనేనండీ, ఈసారి చిన్నోడి తరఫున" అంటే హాలంతా నవ్వింది. అది మీటింగులో విన్న నవ్వు కాదు. పద్దెనిమిది దాకా ఒక్కరూ తప్పలేదు.

"పంతొమ్మిది."

జవాబు లేదు. పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆమె మళ్లీ పిలిచింది.

వేదిక మీద పళ్లెం కింద పెట్టిన చప్పుడైంది. టీలు అందిస్తున్న ఆవిడ చేతులు చీరకి తుడుచుకుని, పెద్దసారుకి ఎదురుగా వచ్చి నిలబడింది.

"వచ్చానండీ. నేను రోజూ మీకు టీ ఇస్తాను సార్. నా కాగితం మీ కప్పు కింద కనపడింది. అందుకని నోటితో చెబుతున్నాను. మా బడి మూయొద్దు."

పెద్దసారు కప్పు వైపు చూశాడు, చెయ్యి మాత్రం చాపలేదు. గుమాస్తాయే ముందుగా తల వంచి రాసుకున్నాడు.

నలభై ఒకటో నంబరు అయ్యేసరికి పన్నెండు దాటింది. నమోదైన ప్రతి అభ్యంతరానికీ విడివిడిగా జవాబివ్వాలి, అంతవరకూ బడి మూసే ఫైలు కదలడానికి వీల్లేదు. అది వాళ్ల ప్రకటనలోని మాటే. తల్లులు బయటికొచ్చి మెట్ల మీద బిగ్గరగా మాట్లాడుకుంటుంటే ఆమె చూస్తూ నిలబడింది. తను రాసివ్వని మాటలు. తను దిద్దని మాటలు.

భర్త దగ్గరికి వచ్చి, పళ్ల మధ్య నుంచి అడిగాడు. "మరి మెమో సంగతి? ఏం రాస్తావు ఇప్పుడు?"

అక్కడే, మెట్ల మీద కూర్చుని, హాజరు పట్టీ ఒడిలో పెట్టుకుని రాసింది. ఎర్ర పెన్నుతోనే.

"ఆ గుర్తులు నావే. పూర్తిగా చదివినవాళ్లు పెట్టే గుర్తు అది. నలభై ఒక్క కాగితాల్లో ఒక్కదాని మీద కూడా అలాంటి గుర్తు ఇంకొకటి కనపడలేదు. కారణం తెలుపగలరు."

కింద పూర్తి సంతకం పెట్టింది. కాగితం భర్త చేతికివ్వలేదు. తనే లోపలికి తీసుకెళ్లింది.