దూలంలోని కొక్కెం

నేను ఒక పాత బడిని. 1926 జూన్ 14, సోమవారం నాడు నా తలుపులు తెరిచారు. ఆ ఉదయం పిల్లలు నా వరండాలో బారులు తీరి బెల్లం అటుకులు తిన్నారు. ఒలికినదాంట్లో కాస్త నా గచ్చుకూ దక్కింది. తీపి అంటే నాకు గుర్తున్నది అదొక్కటే.

నాగావళి ఒడ్డున, నేతగాళ్ళ వీధి చివర కట్టారు నన్ను. పెద్ద గది దూలానికి ఒక ఇనప కొక్కెం దిగ్గొట్టారు. దీపం కోసమనుకుని మురిసిపోయాను. తీరా చూస్తే కోదండం కోసం. తప్పు చేసిన పిల్లవాడి చేతులకు తాడు కట్టి, కాళ్ళు నేలకు అందకుండా వేలాడదీయడం. ఆ బరువు మోసింది నా దూలమే. మనుషుల మీద నా రోత తరవాత చెబుతాను. ఇది నా మీద నాకున్న రోత.

1948లో గవరయ్య అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడు పలక లేకుండా వచ్చాడు. హెడ్‌మాస్టరు జగ్గారావు గారు వాణ్ణి వేలాడదీసి, భోజనానికి ఇంటికి వెళ్ళి, అక్కడే కునుకు తీశారు. నీళ్ళు మోసే పైడమ్మ అది చూసి, కావిడి దించి, ముక్కాలిపీట వాడి పాదాల కిందికి జరిపింది. ఆయన చెప్పుల చప్పుడు వినబడగానే తీసేసింది. ఆవిడదీ పొట్టకూటి పనే కదా. అప్పటికే వాడి భుజం జారిపోయింది. వాడు మళ్ళీ నా గడప తొక్కలేదు. పెద్దయ్యాక ఆ భుజంతో మగ్గం గుంటలోకి దిగి నేయనూలేకపోయాడు. ఆడవాళ్ళ పక్కన కూర్చుని బతుకంతా నూలు కండెలు చుట్టాడు.

కొన్నేళ్ళకు పిల్లల్ని వేరే బడికి పంపి నన్ను బియ్యం గోదాము చేశారు. కొక్కేనికి కాటా వేలాడింది. పందికొక్కులు నా పునాదులు తవ్వుకున్నాయి. ఆ తరవాత పెళ్ళిళ్ళ హాలునయ్యాను. గోడల మీద గుట్కా ఉమ్ములు, నల్లబల్ల కింద వాంతులు, కిటికీల్లోంచి విసిరిన ఎంగిలాకులు. చదువుకున్నవాళ్ళే ఎక్కువ ఉమ్మారు. ఒకసారి ఆ కొక్కేనికే పూల ఉయ్యాల కట్టి పసిబిడ్డను పడుకోబెట్టారు. అందరూ జోలపాట పాడుతుంటే నా దూలం కిర్రుమంది.

ఈ కంపులో నాకు దక్కిన చల్లని చెయ్యి ఒకటే. ఊడ్చే సూరీడమ్మది. కొబ్బరి పీచుతో ఆ మరకలన్నీ తోమేది. ఆమె గవరయ్య కూతురు.

పోయిన నెల నన్ను ‘పాత బడి ప్రదర్శనశాల’ చేశారు. మేనేజరు జోగేంద్ర కుర్రవాడు, చెడ్డవాడు కాడు. కొక్కేనికి కొత్త తాడు కట్టించి, రెండు ఉచ్చులు వేయించి, ‘తాతల కాలం శిక్ష, ఒక ఫోటో దిగండి’ అని బోర్డు పెట్టించాడు. నా బతుకులో అంత అసహ్యమైన బోర్డు చూడలేదు.

ఆ తాడు తీయించమని సూరీడమ్మ మూడుసార్లు అడిగింది. ఎందుకో అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. “నవ్వుకోడానికే కదమ్మా, జనానికి అదే కావాలి,” అన్నాడు.

నిన్న సాయంత్రం, తెల్లవారితే ప్రారంభోత్సవమనగా, అతను ఆమె చేతికి ఫోను ఇచ్చి, ముక్కాలిపీట ఎక్కి, ఉచ్చుల్లో మణికట్లు దూర్చి, పీటను తన్నేశాడు. ఫోటోకు నవ్వాడు. పది లెక్కపెట్టేలోగా నవ్వు పోయింది. ఉచ్చులు బిగిశాయి.

“అమ్మా, పీట. పీట పెట్టమ్మా.”

ఆమె ఫోను పక్కన పెట్టి, పీట అతని పాదాల కిందికి జరిపింది. తీయలేదు. గట్టిగా పట్టుకుంది.

“మా అయ్య ఇక్కడే రెండు గంటలున్నాడు బాబూ. తొమ్మిదేళ్ళోడు. ఆ సెయ్యి మరి లెగనేదు.”

జోగేంద్ర చేతులు విడిపించుకుని చాలాసేపు మణికట్లు రుద్దుకున్నాడు. తరవాత మళ్ళీ అదే పీట ఎక్కి, తాడు ముడి తనే విప్పాడు. బోర్డు చంకన పెట్టుకుని, ఆమె ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు.

కొక్కెం మాత్రం నాలోనే ఉంది. పీకితే దూలం చీలుతుందట. ఉండనీ.

సూరీడమ్మ తాడును చుట్టచుట్టి చెత్తబుట్టలో వేసింది. ముక్కాలిపీటను తడిగుడ్డతో తుడిచి గోడవారన పెట్టింది. తరవాత, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు, చప్పుడు కాకుండా తలుపు దగ్గరకు వేసి వెళ్ళింది.